కూనూరు నుంచి బేరిగై దాకా

పిచ్చికుక్క కరిచినవాడు నీళ్లను చూసి భయపడితే ఇక బతకడని సుశ్రుతుడి కాలానికే తెలుసు. ఈ మాట నేటికీ దాదాపు మారలేదు. రేబిస్ చరిత్రలో మారిందల్లా మందుకూ ఊరికీ మధ్య దూరం.

కుక్క జొల్లుతోనే జబ్బు అంటుతుందని 1804లో జర్మనీలో జింకే అనే వైద్యుడు ప్రయోగం చేసి చూపాడు. ఆ జబ్బుకు మూలమేమిటో కంటపడకుండానే, కుందేలు వెన్నుపామును ఎండబెట్టి తయారుచేసిన టీకాను 1885 జులైలో పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు ఫ్రెంచి శాస్త్రవేత్త పాశ్చర్ వేయించాడు. కరిచాక వేసినా టీకా పనిచేస్తుంది. ఎందుకంటే ఈ వైరస్ నరాల వెంట మెల్లగా మెదడుకు పాకుతుంది. అందుకు సాధారణంగా వారాలో నెలలో పడుతుంది. మనకు దొరికే గడువు అదే.

ఆ గడువులో మద్రాసు రాజధాని జనం ఎక్కడికి పోవాలి? 1900లో కసౌలీలో టీకా కేంద్రం పెట్టారు గానీ అది హిమాలయాల్లో ఉంది. 1902లో లిలీ పాకెన్‌హామ్ వాల్ష్ అనే ఆంగ్ల యువతి రేబిస్‌తో చనిపోయాకే దక్షిణాదికీ ఒకటి కావాలన్న పట్టుదల పెరిగింది. అమెరికా ధనికుడు హెన్రీ ఫిప్స్ విరాళంతో 1907లో కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. అంతకుముందు పల్లెల్లో పోయిన ప్రాణాలు ఎవర్నీ ఇంతగా కదిలించలేదు! అప్పటి సేలం జిల్లాలోని బేరిగై మనిషికి మాత్రం కూనూరు కూడా దూరమే. సేలం, కోయంబత్తూరు దాటి నీలగిరి ఎక్కాలి.

1911లో కసౌలీలోనే డేవిడ్ సెంపుల్ కార్బాలిక్ ఆమ్లంతో వైరస్‌ను చంపి టీకా చేశాడు. దాన్ని జిల్లా ఆసుపత్రులకు పంపగలిగారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులంటే మన పెద్దలు ఇప్పటికీ ఉలిక్కిపడేది ఆ టీకాకే. గొర్రె మెదడుతో చేసిన మందు కావడంతో కొందరిలో ఒళ్లు తన నరాల మీదే తిరగబడి పక్షవాతం వచ్చేది. అయినా దాన్ని మానడానికి 2004 చివరిదాకా పట్టింది. బేరిగై ఇప్పుడున్న కృష్ణగిరి జిల్లా పుట్టిందీ ఆ ఏడాదే. ఇప్పుడు హైదరాబాదు సంస్థ ఇండియన్ ఇమ్యునలాజికల్స్ వారి అభయ్‌రాబ్ సహా కణాల్లో పెంచిన టీకాలు వచ్చాయి. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో చేతికే సూది.

ఇంత జరిగినా ప్రపంచ రేబిస్ మరణాల్లో మూడోవంతుకు పైగా మన దేశానివేనని ఒక అంచనా. కుక్క కరిస్తే కారం, సున్నం, ఆకుపసరు పెట్టకండి. పావుగంట సేపు సబ్బునీళ్లతో గాయం కడగండి. ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. చర్మం చీలి రక్తం వస్తే, వైరస్‌ను గాయం దగ్గరే అడ్డుకునే ఇమ్యూనోగ్లోబులిన్ కూడా అడగండి.