ముద్ర కలిస్తే చాలదు: లీ ఎన్‌ఫీల్డ్ రైఫిలుకు సరైన విడిభాగం ఏది?

పాత సైనిక తుపాకులను బాగుచేసి భద్రపరిచేవారిలో ఒక నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. రైఫిలు ఏ కర్మాగారంలో తయారైతే, ఆ కర్మాగారం ముద్ర ఉన్న భాగాలే దానికి సరైనవట. వేరే ముద్ర ఒక్కటి కనిపించినా ఆ తుపాకీ చెడిపోయినట్టేనట. మన పోలీసులు దశాబ్దాల పాటు ‘త్రీ నాట్ త్రీ’గా మోసిన లీ ఎన్‌ఫీల్డ్ చరిత్రను కాస్త దగ్గరగా చూస్తే ఈ నమ్మకం నిలవదు.

ఒక తుపాకీ భాగం మరో తుపాకీకి అతకడమనే కథను చాలామంది 1801లో అమెరికాలో ఈలై విట్నీ చేసిన ప్రదర్శనతో మొదలుపెడతారు. ఆయన తుపాకుల భాగాలు నిజానికి ఒకదానికొకటి సరిపోవని చరిత్రకారులు తేల్చి అరవై ఏళ్లు దాటింది. ఆ పని సాధించిన ఖ్యాతి 1820లలో హార్పర్స్ ఫెర్రీలో పనిచేసిన జాన్ హాల్‌కు దక్కాలి. 1850లలో బ్రిటన్‌లోని ఎన్‌ఫీల్డ్ కర్మాగారం అమెరికా యంత్రాలు తెప్పించుకుంది. అక్కడ యంత్రాల మీద చేసిన 1853 నమూనా రైఫిళ్ల భాగాలు ఒకదానిలోవి మరోదానికి సరిపోయేవి. అదే నమూనాను బర్మింగ్‌హామ్‌లో చేత్తో చేసినప్పుడు సరిపోయేవి కావు. అంటే ముద్ర ఒకటి, అతుకు మరొకటి అన్న చిక్కు అప్పటికే ఉంది.

1895 నాటి లీ ఎన్‌ఫీల్డ్, 1907 నాటి మూడో మార్కు రూపం అందరికీ తెలిసినవే. అసలు వివాదం 1914 తర్వాతి కాలం గురించి. యుద్ధానికి తుపాకులు చాలక బ్రిటన్ విడిభాగాల తయారీని అనేక చేతులకు పంచింది. బర్మింగ్‌హామ్‌లోని స్టాండర్డ్ స్మాల్ ఆర్మ్స్ సంస్థ చేసిన బాడీల మీద ఎస్.ఎస్.ఎ. అని ఉంటుంది. వాటికి ఇతరులు చేసిన భాగాలు కలిపి ఎన్‌ఫీల్డ్‌లో రైఫిళ్లుగా కూర్చారు. 1918లో ప్రభుత్వం ఆ సంస్థను తన చేతిలోకి తీసుకున్నాక ముద్ర ఎన్.ఆర్.ఎఫ్.గా మారింది. ఇలాంటి రైఫిలు పుట్టుకతోనే కలగలుపు. దానికి అన్నీ ఒకే ముద్ర ఉన్న భాగాలు వెతికి బిగిస్తే, ఎన్నడూ లేని తుపాకీని కొత్తగా సృష్టించినట్టు.

రెండో ప్రపంచయుద్ధంలో ఈ కలగలుపు ఇంకా పెరిగింది. లీ ఎన్‌ఫీల్డ్ నాలుగో నంబరు రైఫిలు బ్రిటన్‌లో మాల్ట్‌బీ, ఫజాకర్లీ, షర్లీలలోనూ, కెనడాలో లాంగ్ బ్రాంచ్‌లోనూ, అమెరికాలో సావేజ్ సంస్థలోనూ తయారైంది. యుద్ధం తర్వాత వాటిని ఎఫ్.టి.ఆర్. అనే సంపూర్ణ మరమ్మతుకు పంపినప్పుడు పూర్తిగా విప్పి, గేజీలతో పరీక్షించి, పనికొచ్చిన భాగాలతో మళ్లీ కూర్చారు. అక్కడ చూసింది కొలతనే గాని ముద్రను కాదు. సావేజ్ వారి ‘ఎస్’ ముద్ర భాగం బ్రిటిష్ రైఫిలు మీద కనిపిస్తే దాన్ని దోషమనడానికి నాకు ఆధారం కనబడదు. అయితే ప్రతి కలగలుపూ సైన్యం చేసినది కాదు. వ్యాపారులు మిగులు సరుకు నుంచి కూర్చినవీ ఉన్నాయి. బాడీ మీది ఎఫ్.టి.ఆర్. ముద్ర, అన్ని భాగాల మీదా ఒకే తీరు పూత, బోల్టు మీద పాత నంబరు కొట్టేసి పక్కన వేసిన కొత్త నంబరు సైనిక మరమ్మతును సూచించే ఆనవాళ్లు. ఒక్కదాన్ని చూసి తీర్పు చెప్పకూడదు.

ముద్ర కన్నా అతుకు ముఖ్యమని చెప్పడానికి బోల్టు హెడ్ చాలు. నాలుగో నంబరు రైఫిలుకు 0 నుంచి 3 వరకు నాలుగు కొలతల బోల్టు హెడ్‌లు చేశారు. ఒక్కో అంకెకూ తేడా సుమారు 0.003 అంగుళం. బారెల్, బోల్టు మధ్య సందును గేజీతో కొలిచి తగినది వేస్తారు. ముద్ర చూసి కొన్న హెడ్ ఆ కొలత తప్పితే అది ప్రమాదకరం. ముందు చెక్క సంగతీ అంతే. నాలుగో నంబరు మొదటి మార్కులో ట్రిగ్గర్ దాని రక్షణ కమ్మీకి వేలాడుతుంది. 1949లో వచ్చిన రెండో మార్కులో బాడీకే వేలాడుతుంది. మొదటి మార్కు రైఫిలును అలా మార్చినప్పుడు 1/2 మార్కు అన్నారు. దానికి పాత చెక్కను కోయకుండా బిగించలేరు.

మన ఇషాపూర్ కర్మాగారం రైఫిళ్ల విషయంలో విదేశీ సేకర్తలు న్యాయం చేయలేదు. ముందు చెక్కకు బలం కోసం ఇషాపూర్ వేసిన అడ్డ స్క్రూను చాలామంది నాసి పనిగా చూస్తారు. అది సైనిక సేవలో చేసిన బలపరింపు. ఆ స్క్రూ ఉన్న చెక్క తీసేసి బ్రిటిష్ చెక్క వేయడం చరిత్రను చెరపడమే. అలాగే 7.62 గుండు వాడే ఇషాపూర్ 2ఎ1 నమూనాకు .303 మ్యాగజీన్ వేయరాదు.

మన దేశంలో .303 నిషిద్ధ బోరు కనుక ఈ పునరుద్ధరణ ఎక్కువగా బ్రిటన్, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లో సాగుతోంది. యుద్ధానంతరం చవకగా అమ్ముడైన రైఫిళ్లను వేటకని కురచ చేసి, చెక్కలు కోసి పారేశారు. అందువల్ల నేడు అన్నిటికన్నా కొరత పూర్తి నిడివి చెక్కకే. కొత్తగా చేసిన చెక్కను కొత్తదని చెప్పి బిగిస్తే నాకు అభ్యంతరం లేదు. డి.పి. ముద్ర ఉన్న కవాతు రైఫిళ్ల భాగాలను మాత్రం కాల్చే తుపాకీకి వాడకూడదు. నేను అంతకన్నా గట్టిగా ఖండించేది బోల్టు మీది పాత నంబరును అరగదీసి, బాడీ నంబరును కొట్టి, ‘అన్నీ కలిశాయి’ అని అమ్మడాన్ని. అది పునరుద్ధరణ కాదు, ఫోర్జరీ. మీరు భాగం మార్చవలసి వస్తే తీసిన పాత భాగాన్ని పారేయకండి. ఏది, ఎప్పుడు మార్చారో రాసి తుపాకీతోపాటే ఉంచండి.