ముగ్గు, అయస్కాంతం, మన భగవంతం గారు



పోయిన వారం మన సంఘం గ్రూపులో ఒక పోస్టర్ తిరిగింది. సూరి భగవంతం గారి ఫోటో పెట్టి, కింద "క్వాంటం పదార్థాల పితామహుడు మన తెలుగువాడే" అని రాశారు. లైకులు బాగానే పడ్డాయి. ఆయన పేరు తలచుకున్నందుకు నాకూ సంతోషమే. కానీ ఆ మాట నిజం కాదు. అసలు సంగతి అంతకంటే బాగుంటుంది, అందుకే ఈ పోస్టు.

భగవంతం గారు 1909లో అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. మన బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్ పుట్టిందీ ఆ ఏడే. 1928లో కలకత్తా వెళ్లి రామన్ గారి దగ్గర చేరారు. తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పనిచేశారు, ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్ అయ్యారు. 1957 నుంచి 1962 దాకా ఇదే ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టరు. మనలో ఎంతమందిమి ఆ గేటు ముందు నుంచి రోజూ బస్సులో పోతున్నామో లెక్కేసుకోండి.

ఆయన పట్టు స్ఫటికాల సౌష్ఠవం మీద. టి. వెంకటరాయుడు గారితో కలిసి భౌతికశాస్త్రంలో గ్రూపు సిద్ధాంతం గురించి ఆయన రాసిన ఇంగ్లీషు పుస్తకాన్ని 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తే అచ్చు వేసింది.

సౌష్ఠవం అంటే మన వాకిట్లో ముగ్గే. పావు చుట్టు తిప్పి చూసినా అలాగే కనబడితే దానికి ఆ సౌష్ఠవం ఉన్నట్టు. ఇప్పుడు అదే ముగ్గులో ఒక రేకకు ఎరుపు, పక్క రేకకు తెలుపు నింపండి. ఒక రేక జరిపి తిప్పితే రంగులు తారుమారవుతాయి. తిప్పి, రంగులు కూడా మారిస్తేనే మళ్లీ మొదటి ముగ్గు వస్తుంది. అయస్కాంత స్ఫటికంలో జరిగేదీ ఇదే. అక్కడ రంగులకు బదులు అణువుల చిన్న చిన్న అయస్కాంతాలు, పైకి కొన్ని, కిందికి కొన్ని. ఈ రెండో రకం తిప్పుడు కూడా లెక్కలోకి తీసుకుంటే 32 స్ఫటిక వర్గాలు 122 అవుతాయి, 230 స్పేస్ గ్రూపులు 1651 అవుతాయి.

ఈ లెక్క కనిపెట్టింది భగవంతం గారు కాదు. రష్యాలో షుబ్నికోవ్ వంటివాళ్లు ముందే చెప్పారు. ఏ వర్గం స్ఫటికంలో ఏ అయస్కాంత గుణం ఉండగలదు, ఏది ఉండనే ఉండదు అని పట్టికలు కట్టిన తొలితరంలో ఆయన ఒకరు. 1966లో వచ్చిన ఆయన స్ఫటిక సౌష్ఠవ గ్రంథం ఈ దారిలోదే.

ఇక నేటి సంగతి. లోపల కరెంటు పోనివ్వక అంచుల్లో మాత్రం పోనిచ్చే పదార్థాలను టోపోలాజికల్ ఇన్సులేటర్లంటారు. 2010లో బిస్మత్ సెలినైడ్‌లో రాగి చొప్పిస్తే 3.8 కెల్విన్ దగ్గర అది సూపర్‌కండక్టర్ అయింది. 2013లో చైనా శాస్త్రవేత్తలు ఇలాంటి పొరలో క్రోమియం కలిపి, బయటి అయస్కాంతం అవసరం లేకుండానే అంచు వెంట ఒకే దిశలో కరెంటు నడిపి చూపించారు. 2019లో మాంగనీస్ బిస్మత్ టెల్యురైడ్ వచ్చింది. దీనికి అయస్కాంతత్వం పుట్టుకతోనే ఉంది, బయటినుంచి ఏదీ కలపక్కర్లేదు.

ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి? 2020లో ఒక అంతర్జాతీయ బృందం 549 అయస్కాంత పదార్థాలను ఆ రంగుముగ్గు సౌష్ఠవాలతోనే కంప్యూటర్లో జల్లించి, 130 టోపోలాజికల్ పదార్థాలను తేల్చింది. ఏది వీలు, ఏది కాదు అని సౌష్ఠవమే చెబుతుందన్న ఆ పాత పద్ధతే ఇక్కడా దారి చూపింది.

కాబట్టి పోస్టర్ తీసేయొద్దు, మాట మార్చండి. "పితామహుడు" అని రాస్తే రేపు మన పిల్లవాడు కాలేజీలో ఆ మాట అని నవ్వులపాలవుతాడు. ఆ తర్వాత మనం చెప్పే నిజాన్నీ నమ్మడు. "ఈ దారిలో తొలినాళ్లలోనే నడిచిన మన పెద్దాయన" అని రాద్దాం. ఆయన గౌరవానికి అది చాలు.

వచ్చే ఆదివారం పిల్లల తరగతిలో రెండు రంగుల ముగ్గు వేయిద్దాం. పిండి, రంగులు నేను తెస్తాను.