రెండు బ్లాక్‌చెయిన్‌ల మధ్య వంతెన: నమ్మకానికి బదులు రుజువు

చేవెళ్ల, మొయినాబాద్ రంగారెడ్డి జిల్లాలో పక్కపక్క మండలాలు. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ ఏ మండలానిది ఆ మండల తహసీల్దారు ఆఫీసులోనే జరుగుతుంది. కంప్యూటర్ లేదనుకోండి, చేవెళ్ల రిజిస్టర్‌లో ఏముందో మొయినాబాద్‌కు తెలియాలంటే ఎవరో నకలు తేవాలి, తెచ్చినవాడిని నమ్మాలి. బ్లాక్‌చెయిన్‌ల సంగతీ అంతే. బిట్‌కాయిన్, ఈథీరియం వేర్వేరు లెక్కల పుస్తకాలు. ఒకదానిలో రాసింది ఇంకోదానికి కనిపించదు.

బ్రిడ్జి అంటే?

నాణేన్ని మొదటి చెయిన్‌లో తాళం వేసి ఉంచుతారు, అమానత్ లాగా. బదులుగా రెండో చెయిన్‌లో అంతే విలువైన టోకెన్ వస్తుంది. మరి తాళం పడిందని రెండో చెయిన్‌కు చెప్పేదెవరు? చాలా బ్రిడ్జిల్లో కొద్దిమంది గవాహీల సంతకాలే ఆధారం. 2022 మార్చిలో రోనిన్ బ్రిడ్జికి 9 మంది సంతకదారులుంటే, హ్యాకర్లు 5 తాళంచెవులు సంపాదించి 1,73,600 ఈథర్, 2.55 కోట్ల యూఎస్‌డీసీ ఎత్తుకెళ్లారు.

రుజువు ఎలా పనిచేస్తుంది?

అసలు వివరం బయటపెట్టకుండా మాట నిజమని తేల్చేదే జీరో నాలెడ్జ్ ప్రూఫ్. షఫీ గోల్డ్‌వాసర్, సిల్వియో మికాలీ, చార్లెస్ రాకాఫ్ 1985లో దీన్ని ప్రతిపాదించారు. బ్రిడ్జిల్లో రహస్యం కన్నా రుజువు చిన్నదిగా ఉండటమే ముఖ్యం. మొదటి చెయిన్ బ్లాకు మీది సంతకాలు సరైనవేనని, తాళం వేసిన లావాదేవీ అందులో ఉందని ఒక కంప్యూటర్ లెక్కకట్టి రుజువు తయారుచేస్తుంది. రెండో చెయిన్‌లోని ప్రోగ్రామ్ దాన్ని సరిచూస్తుంది. కంప్యూటర్ ఎవరిదైనా ఫర్వాలేదు, దొంగ రుజువు నెగ్గదు. 2022 నాటి జీకేబ్రిడ్జ్ పరిశోధనలో, కాస్మోస్ సమాచారాన్ని ఈథీరియంలో సరిచూసే ఖర్చు సుమారు 8 కోట్ల గ్యాస్ నుంచి 2.3 లక్షల లోపుకు తగ్గింది.

దేనికి హామీ లేదు?

ప్రోగ్రామ్‌లో తప్పుంటే రుజువు కాపాడదు. ప్రోగ్రామ్‌ను మార్చే తాళంచెవి కొందరి చేతిలోనే ఉంటే, నమ్మకం మళ్లీ మనుషుల మీదే. పుస్తకంలో రాసింది మారలేదని రుజువు చెబుతుంది గానీ, రాసింది నిజమో కాదో చెప్పదు. భూమి రికార్డులో తప్పు పేరు ఎక్కితే బ్లాక్‌చెయిన్ దాన్ని అలాగే భద్రంగా దాస్తుంది.

భూమి అమ్మిన డబ్బు క్రిప్టోలో పెట్టమని ఎవరైనా అడిగితే, బ్రిడ్జికి ఎన్ని సంతకాలు కావాలో, ప్రోగ్రామ్ మార్చే అధికారం ఎవరిదో ముందు అడగాలి. క్రిప్టో లాభంపై మన దేశంలో 30 శాతం పన్ను ఉంది. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.