మెదక్ దేవాలయపు రంగు అద్దములు

దేవాలయములను గూర్చి వ్రాయునప్పుడు గోపురము ఎత్తు, కట్టించిన మిషనెరీల పేర్లు చెప్పుట వాడుక. ఈ శతజయంతి సంచికలో మేము కిటికీలను గూర్చి వ్రాయదలచినాము. మా తుమ్మలపల్లె నుండి మెదక్ కేథడ్రల్ చూచి వచ్చినవారు మొదట చెప్పునది అక్కడి రంగు అద్దముల మాటే.

వెస్లియన్ మిషనెరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1914లో, కరువు దినములలో, పని చేసినవారికి అన్నము పెట్టి ఆ ఆలయమును కట్టనారంభించినారు. ధాత కరువు కథలు విని పెరిగిన మన సీమవారికి ఆ అన్నము విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 1924 డిసెంబరు 25న ఆలయప్రతిష్ఠ జరిగినది. అయితే ఆనాటికి ఈ కిటికీలు లేవు. బలిపీఠము వెనుక ప్రభువు ఆరోహణ చిత్రము 1927లోను, పడమట జనన చిత్రము 1947లోను, తూర్పున సిలువ చిత్రము 1958లోను అమర్చబడినవి. జనన చిత్రము వచ్చిన 1947లోనే దక్షిణ ఇండియా సంఘము కూడ జన్మించినది. వీటి రూపకల్పన లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గారిది. ఆయనయు మెథడిస్టు భక్తుడే.

ఇట్టి కిటికీ ఒకే పలక కాదు. అనేక ముక్కలను సీసపు పట్టీలతో కూర్చినది. రంగు గాజు కరిగినప్పుడే అందులో కలియును: కోబాల్టుతో నీలము, బంగారముతో ఎరుపు. (మా ఊరి గనిలో దొరకు యురేనియముతో కూడ వెనుకటివారు గాజునకు పసుపుపచ్చని వన్నె తెచ్చిరి!) కాని ముఖములోని కన్నులు, వ్రేళ్లు, వస్త్రపు మడతలు కుంచెతో వ్రాసినవి. గాజుపొడిలో లోహపు భస్మము కలిపి, గీసి, 600 డిగ్రీలకు పైబడిన వేడిలో కాల్చుదురు. వెలుగు బయటినుండి వచ్చినప్పుడే చిత్రము కనబడును. సాయంకాలపు ఆరాధనకు వెళ్లినవారికి నల్లని గోడ తప్ప ఏమియు కనబడదు.

ముందుగా పోవునది ఆ కుంచె గీతయే. ఎండకు సీసము సాగి ముడుచుకొని అలసిపోవును, కిటికీ ఉబ్బును. సందులలోని పుట్టీ ఎండి రాలినచో వాన లోపలికి దిగును. ఆధారముగా పెట్టిన ఇనుపచువ్వ తుప్పుపట్టి ఉబ్బి గాజును పగులగొట్టును. ఇవన్నియు మెల్లగా జరుగునవి. ఒక్క పూటలో నష్టము చేయునది మాత్రము మన పండుగ శుభ్రతయే. సోడా, ఆసిడ్, కొబ్బరిపీచు పట్టుకొని ఉత్సాహముతో తోమినచో మురికితోపాటు ప్రభువు కన్నులు కూడ పోవచ్చును.

ఇంగ్లండులోని యార్క్ మిన్‌స్టర్ తూర్పు కిటికీని జాన్ థార్న్‌టన్ 1405–1408లో చేసినాడు. ఆదికాండమును, ప్రకటన గ్రంథమును అందులో చిత్రించినాడు. దాని 311 పలకలను విప్పి, పరిశీలించి, బాగుచేసి తిరిగి నిలుపుటకు 2008 నుండి 2018 వరకు పట్టినది. మరల వాన తగులకుండ వెలుపల వేరొక అద్దము వేసిరి. మూడేండ్లలో చేసిన దానిని కాపాడుటకు పదేండ్లు! మొదట ఫోటో తీసి వ్రాసిపెట్టుట, సాధ్యమైనంత తక్కువ ముట్టుకొనుట, చేసిన మరమ్మతు తరువాతివారు తీసివేయగలుగునట్లు చేయుట ఆ పనివారి నియమములు.

మన సంఘములలో క్రొత్త అద్దమునకు దాత సులభముగా దొరకును, దానిమీద పేరు వ్రాయించుకొనవచ్చును గనుక. పాతదానిని నిలుపుటకు దాత దొరకడు. కావున కమిటీవారు ఈ ఉత్సవములకు సున్నము వేయించునప్పుడు రంగు అద్దములున్న కిటికీలకు ముందుగా గుడ్డ కట్టించవలెను. తెలిసినవారు వచ్చి చూచువరకు తడిగుడ్డయు తగులనీయరాదు. పగిలిన ముక్క ఎంత చిన్నదైనను పారవేయక, కాగితములో చుట్టి, ఏ కిటికీలో ఏ చోటిదో పైన వ్రాసి, బాప్తిస్మపు రిజిస్టర్లున్న బీరువాలో ఉంచవలెను.