తడవని మూల

హఫర్ అల్ బాతిన్ పేరులోనే నీళ్ల కథ ఉంది. అరబ్బీలో ‘హఫర్’ మాటకు తవ్వకంతో సంబంధం. ఏడో శతాబ్దంలో బస్రా నుంచి మక్కా వెళ్లే యాత్రికుల కోసం అబూ మూసా అల్ అష్అరీ ఇక్కడ బావులు తవ్వించాడని చెబుతారు. సౌదీలోని ఆ ఎడారి ఊళ్లో మా బాపు కొన్నేళ్లు ఒక కంపెనీ క్యాంపులో పచ్చిక చూసుకున్నాడు. ఫోన్‌లో తరచుగా ఒకే మాట: “మూలకు నీళ్లు అందుతలేవు.”

నాకు ఆ వాక్యం తెలుగులో అర్థమైంది. విషయం అర్థం కావడానికి మాత్రం చరిత్ర చదవాల్సి వచ్చింది.

జగిత్యాల దగ్గర మా తాతది మోట బావి కింద వరి. అక్కడ నీళ్లు ‘పారిస్తారు’. మడి చదునుగా ఉంటే నీళ్లు వాటంతట అవే సర్దుకుంటాయి. స్ప్రింక్లర్ నీళ్లు ‘చల్లుతుంది’. వాకిట్లో కల్లాపి చల్లేటప్పుడు నాయనమ్మ చెయ్యి చేసే పని ఇక్కడ నాజిల్ చెయ్యాలి. తెలుగులో ఈ పద్ధతిని తుంపర సేద్యం అంటారు.

1933లో కాలిఫోర్నియాలోని గ్లెండోరాలో ఆర్టన్ ఇంగిల్‌హార్ట్ అనే తోట రైతు కొత్త రకం స్ప్రింక్లర్ తయారుచేశాడు. నీటి ధార ఒక చిన్న చేతిని తోస్తుంది. స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఆ దెబ్బకు నాజిల్ కొంచెం కొంచెంగా తిరుగుతుంది. ఈ రకం వాటిలో చాలావాటికి రెండు నాజిళ్లు ఉంటాయి: పెద్దది దూరానికి, చిన్నది దగ్గరికి. ఒక్క రంధ్రం రెండు చోట్లనూ సమంగా తడపలేదు.

మరి సమంగా తడిసిందని ఎలా తెలుస్తుంది? 1942లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టియన్‌సెన్ ఒక లెక్క ఇచ్చాడు. నేల మీద ఒకే రకం డబ్బాలు వరుసగా పెట్టి స్ప్రింక్లర్ నడపాలి. నాలుగు డబ్బాల్లో 8, 12, 8, 12 మిల్లీమీటర్ల నీళ్లు పడ్డాయనుకోండి. సగటు 10. ఒక్కో డబ్బాకూ సగటుకూ తేడా 2, అంటే సగటులో 20 శాతం. 100లోంచి 20 తీసేస్తే మార్కులు 80.

1952లో పేటెంట్ పొందిన ఫ్రాంక్ జైబాక్ యంత్రం పొడవైన గొట్టాన్ని పొలంలో గుండ్రంగా తిప్పుతుంది. గొట్టం చివర ఎక్కువ నేల మీదుగా తిరుగుతుంది కాబట్టి అక్కడ నాజిళ్లు పెద్దవి కావాలి. 1980లలో సౌదీ ఎడారిలో ఇలాంటి పచ్చని వలయాల్లోనే గోధుమ పండింది. కానీ ఆ నీళ్లు వేల ఏళ్ల నాటి భూగర్భ జలం. తోడితే మళ్లీ నిండదు. అందుకే 2016 కల్లా స్థానిక గోధుమ కొనుగోలు ఆపాలని ప్రభుత్వం 2008లో నిర్ణయించింది.

ఇప్పుడు బాపు మూలకు వద్దాం. పచ్చిక నడుమ నాజిల్ పూర్తి వృత్తం తడుపుతుంది. మూలలోది పావు వృత్తమే. నడుమది నిమిషానికి 4 లీటర్లు ఇస్తే మూలది 1 లీటరు ఇవ్వాలి. ఒక నాజిల్ ధార పక్క నాజిల్ దాకా చేరాలి. ఒత్తిడి మరీ ఎక్కువైతే నీళ్లు మంచులా మారి గాలికి పోతాయి.

క్యాంపులో ఎవరో మూలకు అర లీటరు నాజిల్ పెట్టారట. మూల తడవాలంటే రెట్టింపు సేపు నడపాలి. అప్పుడు మిగతా పచ్చికంతా రెట్టింపు నీళ్లు తాగుతుంది.

“నీకెట్ల తెలిసింది బాపూ?” అని అడిగాను.

“పాలపొడి డబ్బాలు పెట్టి చూసిన. నడుమ డబ్బా నిండింది, మూల డబ్బా సగమే అయింది. ఆ నాజిల్ మార్చిన, అంతే.”

బాపు క్రిస్టియన్‌సెన్ పేరు ఎప్పుడూ వినలేదు. నేను చెబితే నవ్వాడు. తర్వాత మెల్లగా, “అది వాపస్ రాని నీళ్లు బిడ్డా” అన్నాడు.