ఆనందం మన ఒంట్లోనే ఉంది: గంజాయి మొక్క చెప్పిన చరిత్ర



గంజాయి అంటే మన తండాల్లో, గూడేల్లో ఇప్పుడు గుర్తొచ్చేది పోలీసు కేసే. కానీ మనిషి ఒంటి గురించి ఒక పెద్ద సంగతి బయటపడ్డది ఈ మొక్క వల్లనే. మేము హాస్టల్ రూంల కూర్చొని చదువుకున్నది మీ ముందు పెడుతున్నం.

1839ల కలకత్తాల ఓషానెస్సీ అనే డాక్టరు గంజాయి మందు మీద వ్యాసం చదివిండు. ఆ మందు ఆయన కనిపెట్టింది కాదు. మన దేశపోళ్లు ఎప్పటినుంచో వాడుతున్నదాన్నే అడిగి తెలుసుకొని, ముందు జంతువులకు, తర్వాత రోగులకు ఇచ్చి చూసిండు. అందుల ఫిట్స్ వచ్చిన పసిపాప కూడా ఉంది. పేరు మాత్రం ఆయనకే వచ్చింది.

అది ఒంట్లో ఎట్ల పనిచేస్తదో మాత్రం వందేండ్లు దాటినా తెల్వలేదు. 1964ల ఇజ్రాయెల్‌లో మెషూలం, గావోని అనే శాస్త్రవేత్తలు అందులోని మత్తు పదార్థం టీహెచ్‌సీని విడదీసిండ్రు. 1988ల అమెరికాల హౌలెట్, డివేన్ ఎలుక మెదడుల దానికి సరిపోయే తాళం ఉందని చూపిండ్రు. మరి బయటి మొక్క కోసం ఒళ్లు తాళం చేసుకుంటదా? సొంత తాళంచెవి ఉండాలె కదా! 1992ల పంది మెదడుల అది దొరికింది. ‘ఆనంద’ అనే సంస్కృత మాట తీసుకొని దానికి ‘ఆనందమైడ్’ అని పేరు పెట్టిండ్రు. ఈ తాళాలు, తాళంచెవులు కలిసిందే ఎండోకన్నాబినాయిడ్ వ్యవస్థ.

దాని పని అదుపు చేసుడు. మామూలుగా నరాల సందేశం ముందుకు పోతది. ఇది వెనక్కి పోయి, పంపిన కణానికి ‘ఇగ చాలు’ అని చెప్తది. నొప్పి, ఆకలి, భయం, జ్ఞాపకం అన్నిట్ల దీని చెయ్యి ఉంది. ఒళ్లు అవసరమైనప్పుడు కొంచెమే తయారుచేసుకొని, పని అయినంక విరిచేస్తది. పొగ తాగితే టీహెచ్‌సీ గంటలకొద్దీ ఆ తాళాలను పట్టుకుంటది. అందుకే చదివింది గుర్తుండదు.

మందు సంగతి రెండు దిక్కుల చూడాలె. 2018ల అమెరికాల పిల్లలకు వచ్చే రెండు అరుదైన మూర్ఛరోగాలకు, ఇదే మొక్కల మత్తు ఇయ్యని సీబీడీతో చేసిన ఎపిడియోలెక్స్‌కు అనుమతి వచ్చింది. అంతకుముందు ఈ తాళాన్ని మూసి బరువు తగ్గించే రిమోనాబాంట్ అనే మందు యూరప్‌ల 2006ల వచ్చింది. వాడినోళ్లల్ల మనసు కుంగిపోవుడు ఎక్కువైందని 2008ల ఆపిండ్రు.

ఇగ మన సంగతి. 1985 చట్టం కింద 20 కిలోలు దాటిన గంజాయితో దొరికి, నేరం రుజువైతే కనీసం పదేండ్ల జైలు. పైసలు వేరేటోళ్లకు, జైలు బ్యాగు మోసిన మన పిల్లలకు. తమ్ముళ్లారా, ఆ బ్యాగు ముట్టకుండ్రి. ఆ మొక్క మీద పరిశోధన చేసే ల్యాబుల్లకు మనం పోదాం.