లారీ డ్రైవర్ల పని గంటలు, వేతనాలు: చారిత్రక నేపథ్యం

జనగామ మీదుగా వరంగల్లు వెళ్ళే రోడ్డును గమనించండి. ఆర్టీసీ బస్సు, సరుకు లారీ ఒకదాని వెనుక ఒకటి వెళ్తుంటాయి. బస్సు డ్రైవరుకు డ్యూటీ చార్టు, నెల జీతం ఉంటాయి (అద్దె బస్సుల డ్రైవర్ల సంగతి వేరు). లారీ డ్రైవరుకు చాలాచోట్ల ట్రిప్పు లెక్క, బత్తా మాత్రమే. ఈ తేడా ఎలా ఏర్పడిందో పరిశీలిద్దాం.

1932లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగాన్ని ప్రారంభించింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. ఈ విధంగా ప్రయాణికుల రవాణాలో అధికభాగం ప్రభుత్వ రంగంలోకి వచ్చింది. సరుకు రవాణా మాత్రం ప్రైవేటు ఓనర్ల చేతిలోనే మిగిలింది. బస్సు కార్మికులు రోజూ డిపోలో కలుస్తారు కాబట్టి సంఘం పెట్టుకోగలిగారు. ఒకటి రెండు లారీలున్న ఓనరు దగ్గర పనిచేసేవారికి డిపో ఎక్కడిది?

2025 వరకు అమల్లో ఉన్న 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8, వారానికి 48 గంటల పరిమితి విధించింది. దూర ప్రయాణాలకు అనుమతితో 10, 54 గంటల వరకు పెంచే వీలుండేది. ఐదు గంటల పని తర్వాత అరగంట విశ్రాంతి తప్పనిసరిగా ఉండేది. కాని ఈ చట్టం వర్తించింది ఐదుగురు లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలకే. అంతకంటే చిన్నవాటికి వర్తింపజేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నా, సాధారణంగా చిన్న ఓనర్లు దాని పరిధికి వెలుపలే ఉండేవారు.

ఆ చట్టంలోని పని గంటల నిర్వచనాన్ని మీరు శ్రద్ధగా చదవాలి. లోడింగు, అన్‌లోడింగు, బండి మరమ్మతు పని గంటల్లోకే వచ్చేవి. టెర్మినల్ దగ్గర ఊరికే వేచి ఉండే సమయం మాత్రం పదిహేను నిమిషాల లోపు ఉంటేనే లెక్కకు వచ్చేది. బస్టాండును దృష్టిలో పెట్టుకుని రాసిన వాక్యంలా కనిపిస్తుంది ఇది. భూపాలపల్లిలో బొగ్గు లోడు కోసమో, మహబూబాబాద్ మార్కెట్లో మిర్చి బస్తాల కోసమో లారీ వరుసలో గంటల తరబడి నిలిచినప్పుడు డ్రైవరు బండి వదిలి వెళ్ళలేడు. ట్రిప్పు లెక్కలోనూ ఆ గంటలకు విలువ లేదు. పోయిన సమయాన్ని అతడు రాత్రి నిద్ర మానుకుని రోడ్డు మీద రాబట్టుకుంటాడు.

2025 వరకు అమల్లో ఉన్న 1948 కనీస వేతనాల చట్టం షెడ్యూలులో ప్రజా మోటారు రవాణా కూడా ఉండేది. అయితే హాజరు రిజిస్టరే లేనిచోట ఎన్ని గంటలు పనిచేశాడో రుజువు చేయడం కష్టం.

కృత్యం: మీ ప్రాంతంలోని ఒక లారీ డ్రైవరుతో మాట్లాడి, గత ట్రిప్పులో బండి నడిపిన గంటలను, వేచి ఉన్న గంటలను విడివిడిగా రాయండి. ఈ మూడు పట్టణాలూ 2016 అక్టోబరు 11 వరకు వరంగల్ జిల్లాలోనివే కనుక పాత రికార్డులను ఆ జిల్లా పేరుతో వెతకాలి.